బీట, బాల్కనీ, బాత్రూమ్: కొత్త ఇంటికీ పాత ఇంటికీ మధ్య ఒక కేస్ స్టడీ

ఇల్లు కొనేవాళ్ల తరఫున ఇళ్లు తనిఖీ చేసి రిపోర్టు ఇవ్వడం నా పని. సివిల్ ఇంజనీర్ని. అమ్మేవాళ్ల దగ్గరా, మధ్యవర్తుల దగ్గరా ఏమీ తీసుకోను. ఇక్కడ రాస్తున్నది ఒక కుటుంబం కేసు. వాళ్లని అడిగే రాస్తున్నాను, ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ధరలు కూడా అసలు అంకెల్లో ఇవ్వడం లేదు. కొత్త ఇంటి ధర 100 అనుకుని మిగతా ఖర్చులన్నీ దానితో పోల్చి చెబుతాను. ఎక్కడున్నవాళ్లయినా తమ డబ్బులోకి మార్చుకోవచ్చు.

చాలా కేసుల్లోంచి దీన్నే ఎంచుకున్నానంటే, ఇందులో నేను పట్టుకున్న విషయం ఒకటి ఉంది, నా చేతుల్లోంచి జారిపోయిన విషయం ఇంకొకటి ఉంది. రెండోది కూడా రాయాలనిపించింది.

వచ్చినవాళ్లు

భార్యాభర్తలు, బడికెళ్లే కొడుకు, ఆవిడ తల్లి. పెద్దావిడకి మోకాళ్ల నొప్పులు, పైగా ఆయాసం. అప్పటికే రెండు ఇళ్లు చూసి పెట్టుకున్నారు. ఒకటి సరికొత్తది. కట్టడం అయిపోయింది, రంగులు పడ్డాయి, రెండు నెలల్లో తాళాలు ఇస్తామన్నారు. ధర 100. రెండోది 27 ఏళ్ల ఇల్లు. కట్టించుకున్నవాళ్లే ఇన్నాళ్లూ అందులో ఉన్నారు. మధ్యలో వెనక వైపు ఒక గది కలిపారు. అడిగిన ధర 86. విస్తీర్ణంలో పాతదే కాస్త పెద్దది.

ఆయనకి పాత ఇల్లు నచ్చింది. ఎందుకంటే చవక, వెలుతురు బాగా వస్తుంది, పెరట్లో పెద్ద చెట్టు ఉంది. (ఆ చెట్టు గుర్తుపెట్టుకోండి.) ఆవిడకి మాత్రం అస్సలు ఇష్టం లేదు. కారణం అడిగితే ఇలా అన్నారు: "పెళ్లయినప్పటి నుంచీ అద్దె ఇళ్లే సార్. ప్రతి ఇంట్లోనూ ముందున్నవాళ్ల మరకలు తోముకునే దిగాను. ఈ ఒక్కసారైనా నాకంటే ముందు ఎవరూ స్నానం చెయ్యని బాత్రూమ్ కావాలి."

నవ్వుతూనే అన్నారు. అయినా నా నోట్సులో అది కూడా రాసుకున్నాను. ఇల్లు కొనేవాళ్ల కోరికని సెంటిమెంటు కింద కొట్టేసే ఇంజనీర్లు ఉన్నారు, ఒకప్పుడు నేనూ ఆ బాపతే. ఆ ఇంట్లో పొద్దున లేచేది వాళ్లు, నేను కాదు.

ఇద్దరూ అడిగిన ప్రశ్న ఒకటే: కొత్తది మంచిదా, పాతది మంచిదా? ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదని చెప్పాను. పాత ఇంటి జబ్బులు చాలావరకు పైకి కనిపిస్తూ ఉంటాయి. వానలు పడ్డాయి, ఎండలు కాశాయి, మనుషులు తిరిగారు, ఏది ఎక్కడ ఓడిపోవాలో అక్కడ ఓడిపోయింది. కొత్త ఇంటికి ఆ పరీక్షలేవీ ఇంకా జరగలేదు, దాని జబ్బులు ఉంటే గింటే లోపలే ఉంటాయి. అందుకే పాత ఇంట్లో జరిగినదాన్ని చదవాలి, కొత్త ఇంట్లో జరగబోయేదాన్ని వెతకాలి. రెండూ వేర్వేరు పనులు. మొదట్లో నేను రెండింటికీ ఒకటే జాబితా పట్టుకుని తిరిగేవాణ్ని. అలా చూస్తే ప్రతిసారీ కొత్త ఇల్లే గెలుస్తుంది, ఎందుకంటే ఆ జాబితాలో ఉన్నవన్నీ కంటికి కనిపించే లోపాలే.

పాత ఇల్లు

లోపలికి అడుగు పెట్టగానే ఆవిడ నన్ను నేరుగా వెనక గదికి తీసుకెళ్లారు. అసలు ఇంటికీ, తర్వాత కలిపిన గదికీ మధ్య గోడలో నేల నుంచి పైకప్పు దాకా నిలువుగా ఒక బీట. వెడల్పు 4 మి.మీ. దాన్ని ఆవిడ ఫోన్లో మూడుసార్లు ఫొటో తీసి ఉంచారు. ఆయనేమో "ప్లాస్టరింగ్ బీటే కదా సార్" అని ఆశగా చూశారు.

గోడ బీటలకి బ్రిటన్లోని బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ వాళ్ల వర్గీకరణ ఒకటి ఈ వృత్తిలో బాగా వాడతాం. 1 మి.మీ. లోపు అయితే చాలా స్వల్పం, 5 మి.మీ. దాకా స్వల్పం, 5 నుంచి 15 మధ్యస్థం, 15 దాటితే తీవ్రం, 25 దాటితే అతి తీవ్రం. ఆ లెక్కన ఇది స్వల్పం కిందికే వస్తుంది. కానీ వెడల్పు ఒక్కటీ చూసి ఊరుకుంటే మోసపోతాం. అది ఇంకా కదులుతోందా, ఆగిపోయిందా అన్నదే అసలు సంగతి. నిరుడు పుట్టిన 2 మి.మీ. బీట నన్ను భయపెడుతుంది, ఇరవై ఏళ్లుగా అలాగే ఉన్న 4 మి.మీ. బీట భయపెట్టదు.

బీటని ఎలా చూస్తామంటే, ముందు దాని ఆకారం. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకి, పైన వెడల్పుగా కింద సన్నగా ఉంటే పునాది ఒక పక్క దిగుతోందని అనుమానించాలి. ఇది నిలువుగా, పై నుంచి కింది దాకా ఒకే వెడల్పుతో ఉంది, అదీ సరిగ్గా పాత గోడ, కొత్త గోడ కలిసే చోట. రెండు కట్టడాలూ వేర్వేరు పునాదుల మీద ఉన్నాయి. తర్వాత కట్టింది కొత్తలో కాస్త సర్దుకుంది. రెండు గోడల్నీ పళ్లు పళ్లుగా కలిపి కట్టకుండా పక్కన ఆనించి వదిలేశారు కాబట్టి ఆ అతుకు విడిపోయింది. తర్వాత దాని లోపల చూస్తాం. టార్చి వేస్తే బీట లోపలి అంచుల మీద రెండు రంగుల పెయింటు కనిపించింది. అంటే కనీసం రెండుసార్లు రంగు వేసినప్పటికే బీట ఉంది. అంచులు పదును పోయి మొద్దుబారాయి, లోపల దుమ్ము పేరుకుంది. తాజా బీట అయితే అంచు చాకులా శుభ్రంగా ఉంటుంది.

ఇవన్నీ సాక్ష్యాలే తప్ప రుజువులు కావు. రుజువు కావాలంటే బీట మీద కొలత పట్టీ అతికించి నెలల తరబడి చూడాలి. నేల తడిసి ఉబ్బడం, ఎండి కుంచించుకోవడం కూడా తెలియాలంటే ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. ఇల్లు అమ్మేవాళ్లు ఏడాది ఆగుతారా? అప్పుడు ఇంటి పెద్దాయన్ని మామూలుగా అడిగాను, ఈ గదిలో తీసుకున్న పాత ఫొటోలేమైనా ఉన్నాయా అని. ఆయన ఆల్బమ్ పట్టుకొచ్చారు. పదకొండేళ్ల కిందటి పుట్టినరోజు ఫొటో. పిల్లలు కేకు చుట్టూ నిలబడ్డారు, వాళ్ల వెనక గోడ మీద అదే బీట, స్విచ్ బోర్డు పక్క నుంచి అదే దారిలో వెళ్తోంది. బోర్డు వెడల్పుతో పోల్చి చూస్తే అప్పటికీ ఇప్పటికీ తేడా కనిపించలేదు. నా పనిముట్ల పెట్టెలో ఉన్నవన్నీ కలిపినా ఆ రోజు ఆ ఫొటో చెప్పినంత చెప్పలేకపోయేవి.

తర్వాత శ్లాబ్, పిల్లర్లు. పాత ఇంట్లో నేను తప్పనిసరిగా చేసే పరీక్ష ఒకటుంది. కాంక్రీటులో క్షారగుణం ఎక్కువ. అదే లోపలి ఇనుముకి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి చొరబడి ఆ గుణాన్ని చంపేస్తూ పోతుంది. అలా గుణం పోవడం ఇనుము దాకా చేరి, అక్కడ తేమ కూడా ఉంటే, తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. ఎక్కడి దాకా చొరబడిందో తెలుసుకోవడానికి చిన్న పెచ్చు తీసి ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లుతాం. ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకి తిరుగుతుంది, గుణం పోయినది రంగు మారదు.

ఇక్కడ హాల్లో 11 మి.మీ. లోతు వరకు, వంటింట్లో 14 మి.మీ. వరకు రంగు మారలేదు. ఇనుము మీద కప్పు, అంటే దాన్ని కప్పి ఉన్న కాంక్రీటు మందం, 22 మి.మీ. ఉంది. ఈ చొరబాటు రోజురోజుకీ నెమ్మదిస్తుంది, కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది, అంటే లోతు రెట్టింపు కావడానికి నాలుగు రెట్ల కాలం పడుతుంది. 27 ఏళ్లలో 14 వచ్చిందంటే 22 కి చేరడానికి మొత్తం అరవై ఏళ్ల పైనే పడుతుంది. అంటే ఇంకా ముప్పై తొమ్మిది, నలభై ఏళ్ల గడువు ఉంది. ఇది అంచనాయే, బాత్రూమ్ పక్క తడి గోడలకి ఈ లెక్క పనికిరాదు. అయినా శ్లాబ్ గురించి ఆ కుటుంబం నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదని చెప్పడానికి నాకది చాలు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను, వాటిలో ఆశ్చర్యం లేదు. వైరింగ్ మొత్తం మార్చాలి. సగం ప్లగ్గులకి ఎర్తింగ్ లేదు. కరెంటు లీకైతే 30 మిల్లీఆంపియర్ల దగ్గరే కట్ చేసే ఆర్‌సీసీబీ అసలు పెట్టనే లేదు. నీటి పైపులు పాత జీఐవి, లోపల తుప్పు పట్టి సన్నబడ్డాయి. ఒక కుళాయి తిప్పి రెండోది తిప్పితే మొదటిది నీరసించింది. పైకప్పు మీద వాటర్‌ప్రూఫింగ్ పొర పిట్టగోడ మొదట్లో లేచిపోయింది. బాత్రూమ్ చూసి ఆవిడ ముక్కు మూసుకున్నారు. అది వాసనకి కాదు, ఆ పలకల రంగుకి.

డ్రైనేజీ చూశాను. పెరట్లో చాంబర్ మూత తీసి, బాత్రూమ్‌లో రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించి, అవి గలగలా వెళ్లాయని సరిపెట్టుకున్నాను. ఎప్పుడూ పూడుకోలేదని ఇంటివాళ్లు చెప్పారు. నిజమే చెప్పారు.

కొత్త ఇల్లు

తలుపు తీయగానే కొత్త వాసన. ఆ వాసన చాలామందికి ఇష్టం. ఎక్కువగా అది పెయింటు, జిగురు, అల్మారాల్లో వాడే నొక్కుడు చెక్కల నుంచి వస్తుంది. ఆ చెక్కల జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి గాలిలో ఘనపు మీటరుకి 0.1 మిల్లీగ్రాము, 30 నిమిషాల సగటున. మొదటి నెలల్లో ఎక్కువగా వస్తుంది, వేడి, తేమ పెరిగితే ఇంకా పెరుగుతుంది. పెద్దావిడ ఆయాసం సంగతి గుర్తొచ్చి, ఈ ఇల్లు తీసుకుంటే దిగే ముందు కొన్ని వారాలు కిటికీలన్నీ తెరిచి ఉంచమని రాశాను. ఇల్లు వద్దనుకోవడానికి ఇది కారణం కాదు. దాన్ని బూచిలా చూపించి భయపెట్టడం నాకిష్టం ఉండదు.

గోడల్లో చెమ్మ ఉంది. అదీ సహజమే. కాంక్రీటుకి 28 రోజులు అంటే బలాన్ని పరీక్షించడానికి పెట్టుకున్న గడువు. పూర్తిగా ఆరడానికి అది చాలదు. నేల శ్లాబ్ అంగుళం మందానికి దాదాపు నెల అని మోటుగా లెక్క వేస్తాం. చెమ్మ ఆరకముందే రంగు వేస్తే ఏడాదిలోగా బుడగలు వస్తాయి, తెల్లటి ఉప్పు పొంగుతుంది. వెంట్రుకవాసి బీటలు వస్తాయి, వాటికి కంగారు అక్కర్లేదు. గట్టి గోళీతో నేల పలకల్ని తట్టుకుంటూ వెళ్తే హాల్లో పద్నాలుగు పలకలు బోలుగా మోగాయి. రెండు ప్లగ్గుల్లో ఫేజ్, న్యూట్రల్ తారుమారయ్యాయి. పైకప్పు మీద 24 గంటలు నీళ్లు నిలబెట్టి చూస్తే ఒక మూల కింద తడి కనిపించింది. ఇవన్నీ రాసిస్తే బిల్డర్ సరిచేస్తానన్నాడు. నిజంగానే వారంలో చాలావరకు చేయించాడు కూడా. అక్కడిదాకా నేను కొత్త ఇంటి వైపే మొగ్గుతున్నాను.

ఆపైన బాల్కనీ.

బాల్కనీ శ్లాబ్ ఒక పక్కే గోడలో ఇరుక్కుని, రెండో పక్క గాలిలో ఉంటుంది. మామూలు శ్లాబ్ మధ్యలో కిందికి వంగుతుంది, కాబట్టి దాని అసలు ఇనుము కింది వైపు ఉంటుంది. బాల్కనీ చివర కిందికి వాలుతుంది, గోడ దగ్గర పై ముఖం సాగుతుంది, అందుకే దాని ప్రాణమంతా పై ఇనుములో ఉంటుంది. కాంక్రీటు పోసే రోజు పనివాళ్లు ఆ కడ్డీల మీదే నడుస్తారు. పై ఇనుముని ఎత్తిపట్టే కుర్చీ కడ్డీలు కింద సరిగ్గా పెట్టకపోతే ఆ నడకకి పై ఇనుము కిందికి దిగిపోతుంది. పైన కాంక్రీటు పడ్డాక ఎవరికీ తెలియదు.

ఇనుము ఎంత లోతులో ఉందో పైనుంచే చెప్పే కవర్ మీటర్ పెట్టి చూశాను. శ్లాబ్ మందం 125 మి.మీ. పై ఇనుము మీద 25 మి.మీ. కప్పు ఉండాలని డ్రాయింగు చెబుతోంది. గోడ దగ్గర వరసగా ఆరు చోట్ల కొలిస్తే 40 నుంచి 48 మధ్య వచ్చింది. సగటున 45 అనుకోండి. 10 మి.మీ. కడ్డీ మధ్య నుంచి శ్లాబ్ అడుగు దాకా లెక్కేస్తే 95 మి.మీ. ఉండాల్సింది 75 ఉంది. దాదాపు ఐదో వంతు బలం పోయినట్టు. కూలిపోతుందని కాదు. డిజైన్‌లో ముందే కాస్త మిగులు పెడతారు. కానీ ఆ మిగులు పనివాళ్ల కాళ్ల కింద ఖర్చైపోవడానికి పెట్టినది కాదు. పదేళ్ల తర్వాత ఎవరో బాల్కనీ నిండా మట్టి కుండీలు పెట్టుకుంటారు, ఇంకెవరో పాత పలకల మీదే కొత్త పలకలు వేయిస్తారు. ఆ రోజు కోసం పెట్టిన మిగులు అది.

కొలతలు రాసి బిల్డర్‌కి పంపాను. అడిగింది ఒకటే: డిజైన్ చేసిన ఇంజనీరు ఈ కొలతలతో మళ్లీ లెక్క వేసి, సరిపోతుందని సంతకం చేసి ఇవ్వాలి, లేదా ఏం బలపరచాలో చెప్పాలి. పలకలకీ పైకప్పుకీ వారంలో స్పందించిన మనిషి దీనికి మూడు వారాలు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ చేసి "గ్యారంటీ కాగితం ఇస్తున్నాం కదండీ" అన్నాడు. ఆ కాగితం చదివాను. పైపులకీ, రంగులకీ, లీకేజీకీ గడువులు రాసి ఉన్నాయి, నిర్మాణం మాట మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. గ్యారంటీ కాగితం నాకు చేదేమీ కాదు. కొత్త ఇంటికి ఉన్న పెద్ద సుఖం అదే. కానీ బాల్కనీ బాధపెట్టేది కాగితం గడువు తీరాక.

లెక్క

ఇద్దరినీ కూర్చోబెట్టి కాగితం మీద వేశాం. పన్నులు, రిజిస్ట్రేషన్ లాంటివి చోటుని బట్టి మారతాయి. వాటికి డబ్బు విడిగా పెట్టుకున్నారు కాబట్టి ఇందులో కలపలేదు.

కొత్త ఇల్లు 100. అల్మారాలు, దీపాలు, ఫ్యాన్లు, దోమల మెష్, గేటు, ఇలాంటివి 7. మొత్తం 107. కొత్త ఇల్లు కొనేవాళ్లు ఈ 7 ని దాదాపు ఎప్పుడూ మరిచిపోతారు. పాత ఇంట్లో ఇవన్నీ అప్పటికే ఉంటాయి, నచ్చినా నచ్చకపోయినా.

పాత ఇల్లు 86. వైరింగ్ 3, పైకప్పు 1.5, పైపులూ బాత్రూమూ 3, రంగులు 1.5. అంటే 9. పాత ఇంట్లో గోడ పగలగొట్టాక ఏం బయటపడుతుందో తెలియదు కాబట్టి ఎప్పుడూ రిపేర్లలో మూడో వంతు అదనంగా పక్కన పెట్టిస్తాను. అది 3. మొత్తం 98.

పైకి 14 కనిపించిన తేడా 9 కి తగ్గింది. అయినా పాతదే చవక. ఆయన ముఖం వెలిగింది. అప్పుడు నేను రెండో కాగితం తీశాను.

చేతిలో ఉన్న డబ్బు 22. ధరలో ఐదో వంతు సొంతంగా పెట్టుకోవాలని, మిగతాది లోన్ ఇస్తామని బ్యాంకు చెప్పింది. కొత్త ఇంటికి 20 పోతే 2 మిగులుతుంది. పాత ఇంటికి 17.2 పోతే 4.8 మిగులుతుంది. కానీ బ్యాంకు లోన్ ఇచ్చేది ఇంటి ధర మీద. వాళ్ల బ్యాంకు రిపేర్లకి ఏమీ ఇవ్వనంది. కొత్త ఇంటికి ధర కట్టాక దిగకముందే తప్పని ఖర్చు పెద్దగా లేదు, అల్మారాలు మెల్లగా చేయించుకోవచ్చు. పాత ఇంటి రిపేర్లు లోన్‌లో కూర్చోవు, వాటిలో ఆగనివి దిగకముందే చేతిలోంచి తీయాలి. వైరింగ్, పైకప్పు ఆగేవి కావు. అవి 4.5. అంటే ఇంట్లో దిగేసరికి చేతిలో 0.3.

"ధర తగ్గించమని అడుగుదాం సార్" అన్నారు ఆయన. అడగొచ్చు. కానీ ధర 4 తగ్గితే చేతిలో మిగిలేది 0.8 మాత్రమే, మిగతా 3.2 లోన్‌లో తగ్గుతుంది. నెల నెలా కట్టేది తగ్గుతుంది, సంతోషమే. ఇప్పుడు కావాల్సిన నగదు మాత్రం రాదు. పోనీ అమ్మేవాళ్లనే రిపేర్లు చేయించి ఇమ్మంటే? దానికి నేను ఒప్పుకోను. వెళ్లిపోయేవాళ్లు చేయించే వాటర్‌ప్రూఫింగ్ సంతకం అయ్యే రోజు దాకా ఆగితే చాలనుకుని చేయిస్తారు.

అందుకని పనుల్ని విడగొట్టాను. వైరింగ్, పైకప్పు దిగకముందు. పైపులు, బాత్రూమ్ ఏడాది తర్వాత. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ వైపు చూడలేదు. ఆవిడకి కావాల్సిన ఒకే ఒక్కదాన్ని నేను జాబితా చివరికి తోశాను. కరెంటు షాక్ కొట్టే ఇంట్లో కొత్త బాత్రూమ్ పెట్టుకుని ఏం చేస్తారన్నది నా వాదన. ఇప్పటికీ అదే సరైన వరస అనుకుంటాను.

కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఆవిడే అడిగారు: "ఆ బాల్కనీ మీద మీ అమ్మాయిని నిలబెడతారా సార్?"

"ఒక్కత్తినే అయితే నిలబెడతాను. ఇరవై మందితో కలిసి అయితే నిలబెట్టను" అన్నాను.

"అయితే పాతదే తీసుకుందాం" అన్నారు.

బిల్డర్ ఆ సంతకం చేసిన కాగితం ఇచ్చి ఉంటే నేను కొత్త ఇల్లే తీసుకోమనేవాణ్ని. వీళ్ల చేతిలో నగదు తక్కువ, ఇంట్లో పెద్దావిడ, ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తారు, పనివాళ్ల వెనకాల నిలబడే తీరిక ఎవరికీ లేదు. ఇలాంటివాళ్లకి కొత్త ఇల్లు తేలిక. మొండిగా మూడు నెలలు రిపేర్లు చూసుకోగలిగి, చేతిలో కాస్త నగదు ఉన్నవాళ్లకి పాత ఇల్లు లాభం. ఇక్కడ ఆ సూత్రానికి ఎదురుగా నిర్ణయం జరిగింది, ఒక్క కొలత వల్ల.

ధర 82 దగ్గర తెగింది. 16.4 కట్టారు, చేతిలో 5.6 మిగిలింది.

ఏడో నెల

వైరింగ్ 3 అనుకున్నది 3.4 అయింది. గోడల్లో పాత గొట్టాలు పూడుకుపోయి కొత్త గాడులు కొట్టాల్సి వచ్చింది. పైకప్పు 1.5 లోనే అయిపోయింది. చేతిలో 0.7 తో గృహప్రవేశం. కొత్త వానలకి పైకప్పు చుక్క కారలేదని ఆయన ఫోన్ చేసి చెప్పారు.

ఏడో నెలలో ఆవిడ ఫోన్ చేశారు. పొద్దున్నే బాత్రూమ్‌లో నీళ్లు వెనక్కి తన్నాయి. అదే బాత్రూమ్. మురుగు నీళ్లు గుమ్మం దాకా వచ్చాయి.

కెమెరా దించి చూస్తే, చాంబర్ నుంచి తొమ్మిది మీటర్ల దూరంలో పైపు అతుకులోంచి పెరటి చెట్టు వేళ్లు లోపలికి దూరి గడ్డిమోపులా అల్లుకున్నాయి. ముందున్న కుటుంబంలో చివరి ఏళ్లలో మిగిలింది ఇద్దరే ముసలివాళ్లు. వాళ్లు వాడే కొద్ది నీళ్లు ఆ వేళ్ల మధ్య నుంచి దారి చూసుకుని వెళ్లాయి. నేను పోసిన రెండు బకెట్లూ అలాగే వెళ్లాయి. నలుగురు దిగి, స్నానాలు, బట్టలు ఉతికే మెషిన్ మొదలయ్యాక ఆ దారి చాల్లేదు. పాత ఇల్లు పరీక్షలన్నీ దాటేసి ఉంటుందని వీళ్లకి మొదటి రోజు చెప్పాను. ఇద్దరు పెట్టే పరీక్ష నలుగురు పెట్టే పరీక్ష ఒకటి కాదని నాకు తట్టలేదు.

నా రిపోర్టు తీసి చూసుకున్నాను. 34 పేజీలు. 27వ పేజీలో కింద ఒక వాక్యం: "చెట్టు దగ్గర్లో ఉన్నందున డ్రైనేజీ లైనుని కెమెరాతో చూపించుకోవడం మంచిది." రాశాను. చెప్పలేదు. ఇల్లు కొనే టెన్షన్లో 27వ పేజీ ఎవరు చదువుతారు? చట్టప్రకారం నేను తప్పించుకోవచ్చు, ఆ వాక్యం ఉన్నది అందుకేనేమో కూడా. ఆ రోజు గంట సమయం, చిన్న ఖర్చు పెట్టి ఉంటే బేరంలో ఇంకో 2 తగ్గించుకుని ఉండేవాళ్లు.

కెమెరా చూసినందుకు ఫీజు తీసుకోలేదు. లైను తవ్వి మార్చడానికి 1.6. నేల ఎలాగూ పగలగొట్టారు కాబట్టి పైపులు, బాత్రూమ్ కూడా అప్పుడే చేయించేశారు, 3. చేతిలో 0.7, ఏడు నెలల్లో పొదుపు చేసింది ఇంకో 1. మిగతా 2.9 కి ఆయన ఎక్కువ వడ్డీకి పర్సనల్ లోన్ తీసుకున్నారు. పన్నెండు రోజులు పెద్దావిడని బంధువుల ఇంట్లో ఉంచారు.

అప్పటి నుంచి నా రిపోర్టు మొదటి పేజీ మారింది. నేను చూడనివి ఏవో, ఎందుకు చూడలేదో ముందు రాస్తాను, వాళ్ల ఎదురుగా పైకి చదువుతాను. ఇంట్లో ఇప్పుడు ఎంతమంది ఉంటున్నారు, మీరు ఎంతమంది దిగుతారు అని కూడా అడుగుతున్నాను.

రెండేళ్లకి

ఈ మధ్య వెళ్లి చూసొచ్చాను. రంగులు కూడా అయిపోయాయి, 1.5. అన్నీ కలిపితే ఇల్లు వాళ్లకి 93 పడింది, పర్సనల్ లోన్ వడ్డీ పక్కన పెడితే. 82 కి కొన్నాక నేను వేసిన అంచనా 94. అంకె దాదాపు కుదిరింది. కానీ ఖర్చు ఏడాది తర్వాత రావాల్సింది ఏడో నెలలో వచ్చింది, దాంతో రాత్రుళ్లు నిద్ర పట్టలేదని ఆయన చెప్పారు. మొత్తం ఎంతవుతుందో రాస్తాం గానీ, ఎప్పుడు మీద పడుతుందో కూడా రాయాలి.

వెనక గదిలో బీట మీద దిగిన రోజే కొలత పట్టీ అతికించాను. రెండేళ్లలో అటూ ఇటూ కలిపి 0.2 మి.మీ. కదిలింది, ఎండాకాలం తెరుచుకుంది, వానాకాలం మూసుకుంది. దాని మీద సాగే పట్టీ వేసి మూసేయమని చెప్పాను. ఉండనివ్వండి, అబ్బాయికి దాని అంకె చదవడం సరదా అయిపోయిందన్నారు.

ఆవిడ బాత్రూమ్ చూపించారు. తెల్ల పలకలు, పెద్దావిడ పట్టుకోవడానికి గోడకి కడ్డీలు, జారని నేల. "మా కంటే ముందు దీంట్లో ఎవరూ స్నానం చెయ్యలేదు సార్" అన్నారు. తర్వాత అడిగారు, ఆ కొత్త ఇల్లు ఏమైందని.

అది అమ్ముడుపోయింది. వీళ్ల అనుమతితో బాల్కనీ కొలతల కాగితం ఇంకో కాపీ బిల్డర్‌కి ఇచ్చి, కొనేవాళ్లకి చూపించమని రాతపూర్వకంగా చెప్పాను. తిరిగొస్తూ ఆ వీధిలోంచే వెళ్లాను. బాల్కనీలో బట్టలు ఆరేసి ఉన్నాయి, అంచు పొడవునా మట్టి కుండీలు. బండి ఆపి కాసేపు పైకి చూశాను. కింది ముఖం నున్నగా, గీత లేకుండా ఉంది. అక్కడ కనిపించేది కాదు కూడా. ఆ పగులు వస్తే పై ముఖంలో, గోడ మొదట్లో, పలకల కింద వస్తుంది.